ఆరుబయట పనికి వెంట ఉండాల్సిన సంచి: ఏ పనికి ఏది నప్పుతుంది

పొలం, తోట, పశువుల మేత, కంచె, పంపుసెట్టు... ఆరుబయట పని ఏదైనా కానివ్వండి, చాలామంది ముందు సంచి కొంటారు, తరవాత దాన్ని నింపుతారు. జేబు ఖాళీగా కనిపిస్తే అందులో ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. నెల తిరిగేసరికి సంచి బరువెక్కి గట్టు మీదే ఉండిపోతుంది, మనిషి ఒట్టి చేతులతో మడి మధ్యలో ఉంటాడు. ఈ క్రమాన్ని తిరగేయాలి. సంచిని అన్నిటికంటే చివర కొనాలి.

ఒక వస్తువు వెంట ఉండాలా వద్దా అన్నది తేల్చడానికి రెండు ప్రశ్నలు చాలు. అది లేకపోతే వెనక్కి ఎంతసేపు నడవాలి? అది కావలసి వచ్చిన క్షణంలో సంచి చేతికి అందుతుందా? మొదటి ప్రశ్న బరువు తగ్గిస్తుంది. షెడ్డు ఐదు నిమిషాల దూరంలో ఉన్నవారు సుత్తి, పెద్ద స్పానర్లు మోయనక్కర్లేదు. అరగంట నడిచి వెళ్లి కంచె సరిచేసేవారికి ముందు కావలసినవి అవే. రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం, కానీ దాన్ని వేసుకునేవారు తక్కువ. చెట్టు మీది నుంచి జారి కాలు విరిగినవారికి, పది గజాల అవతల కొమ్మకు తగిలించిన సంచిలో ఫోను ఉన్నా లేనట్టే. అందుకే ఫోను, ఈల, చిన్న కత్తి, ఒక గాజుగుడ్డ చుట్ట ఒంటి మీదే ఉండాలి. మిగతావన్నీ సంచిలోకి వెళ్లొచ్చు. ఈ విభజన అయిపోతే సంచి ఎంపిక సగం తేలిపోయినట్టే.

భుజానికా, వీపుకా, నడుముకా

అడ్డంగా వేసుకునే భుజం సంచికి ఒక గొప్ప సుఖం ఉంది: దించకుండానే చెయ్యి పెట్టి కావలసింది తీసుకోవచ్చు. పశువుల వెంట తిరిగేవారికి, చెట్టు చెట్టు దగ్గరా ఆగి చూసేవారికి ఇంతకంటే అనువైనది లేదు. కానీ వంగారో, అది ముందుకు జారి మోకాళ్ల మధ్య వేలాడుతుంది. కలుపు తీయడం, నాటడం, కోయడం లాంటి పనుల్లో దాన్ని వెనక్కి నెట్టుకోవడమే ఒక పని అయిపోతుంది. రెండు మూడు కిలోలు దాటితే ఒకవైపు భుజం, మెడ లాగేస్తాయి. నడుము చుట్టూ బిగించే రెండో సన్నని పట్టీ ఉన్న సంచి దొరికితే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది.

వీపు సంచి బరువును రెండు భుజాల మీదా సమంగా పంచుతుంది, వంగినా కదలదు, గట్లూ కాలవలూ దాటేటప్పుడు చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. దూరం నడవాలన్నా, నాలుగు కిలోలకు మించి మోయాలన్నా ఇదే సరైనది. అయితే ప్రతి చిన్న వస్తువుకూ దాన్ని దించాలి. దించితే తడి నేల మీద పెట్టాలి. మళ్లీ ఎత్తుకుంటే ఆ బురద చొక్కాకు అంటుతుంది. గంటకు నాలుగైదుసార్లు తీయాల్సిన వస్తువును వీపు సంచిలో పెట్టడం దండగ. కొనేటప్పుడు పైనుంచి మాత్రమే తెరుచుకునేది కాకుండా, ముందు భాగం మొత్తం తలుపులా తెరుచుకునేది చూడండి. అడుగున ఉన్న స్పానర్ కోసం సంచంతా కుమ్మరించే బాధ తప్పుతుంది. అడుగు గుడ్డ నీరు పీల్చనిదై ఉండాలి. తడి నేలకు తగిలేది అదే కదా.

నడుముకు కట్టుకునేది చిన్న పనిముట్లకు బాగుంటుంది. బరువు కిలోన్నర దాటితే కిందకు జారడం మొదలుపెడుతుంది, పొట్ట వైపు ఉంటే వంగనివ్వదు. పక్కకు తిప్పి తుంటి మీద ఉంచుకునేవారికే అది నిలుస్తుంది. పైన తెరిచి ఉండే పనిముట్ల సంచి, లేదా లోపలి అంచుకు జేబులు కట్టిన బకెట్, ఒకేచోట కూర్చుని చేసే మరమ్మతుకు అన్నిటికంటే మెరుగు. లోపల ఏముందో ఒక్క చూపులో తెలుస్తుంది. మోసేటప్పుడు మాత్రం ఒక చెయ్యి దానికే పోతుంది, వాన వస్తే అందులోకే పడుతుంది.

ట్రాక్టరుతో పనిచేసేవారికి లెక్క వేరు. ఇంజిను శక్తిని వెనకనున్న యంత్రానికి అందించే పీటీవో షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 9. వేలాడే పట్టీ కొస దానికి చిక్కితే, చెయ్యి స్విచ్చి దాకా వెళ్లేలోపే మనిషిని లాగేస్తుంది. తిరిగే యంత్రం దగ్గర భుజం సంచి, పొడుగాటి పట్టీలు, పోంచో (తల మీంచి వేసుకునే వదులు వాన తొడుగు) ఏవీ ఉండకూడదు. సంచిని ట్రాక్టరు పెట్టెలో పడేసి, అవసరమైనవి గుండీలున్న జేబుల్లో పెట్టుకోవడం ఒక్కటే దారి.

యంత్రాల జోలి లేనివారికి నా సలహా ఇది: తుంటి మీద చిన్న పౌచ్, చెట్టుకు తగిలించే వీపు సంచి, రెండూ ఉంచుకోండి. ఒక్కటే కొనగలిగితే నడుము పట్టీ ఉన్న భుజం సంచి తీసుకోండి. పెద్ద వీపు సంచి ఒక్కటే కొనడం నాకు సమ్మతం కాదు. పెద్దది కావడం వల్లే అది గట్టు మీద ఉండిపోతుంది.

గుడ్డ, జిప్పు

సంచి గుడ్డ గురించి చెప్పేటప్పుడు డీనియర్ అనే మాట వస్తుంది. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని డీనియర్. 1,000 డీనియర్ దారం 9 కిలోమీటర్లు కిలో తూగుతుంది. రోజువారీ పొలం పనికి 500 చాలు. ముళ్ల కంచెలు, రాళ్లు, ఇనుప సామాను ఉంటే 1,000 తీసుకోవచ్చు, కానీ గుడ్డ బిరుసెక్కుతుంది, ఖాళీ సంచే బరువనిపిస్తుంది. నైలాన్ రాపిడికి బాగా ఆగుతుంది. ఎండకు నైలాన్ కంటే పాలిస్టర్ ఎక్కువ కాలం నిలుస్తుంది. రోజంతా ఎండలో వేలాడే సంచికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

మందపాటి నూలు కాన్వాసును పాతకాలపుదని తీసిపారేయకండి. నిప్పురవ్వ పడితే నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ మధ్య, పాలిస్టర్ 260 దగ్గరలో కరిగి చిల్లు పడుతుంది. నూలు కరగదు, కాస్త నల్లబడి ఊరుకుంటుంది. గ్రైండరు, వెల్డింగు, మంటల దగ్గర తిరిగేవారు కాన్వాసే వాడాలి. దానికున్న లోపం తడి. ఒకసారి నీళ్లు పీల్చిందంటే బరువెక్కుతుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది, ఆరకుండా మడిచిపెడితే బూజు పడుతుంది. మైనం పూసిన కాన్వాసు తడికి ఆగుతుంది గానీ వేడికి జిగురవుతుంది, సబ్బు పెట్టి ఉతికితే మైనం పోతుంది.

సంచిలో ముందు చెడేది గుడ్డ కాదు, జిప్పు. దుమ్ము, ఎండిన బురద పళ్ల మధ్య చేరి జారుడు ముక్కను అరగదీస్తాయి. పళ్లు బాగానే ఉండి జిప్పు వెనకే తెరుచుకుంటూ వస్తే తప్పు ఆ ముక్కదే, దాన్ని మారిస్తే సరిపోతుంది. వెల్‌క్రోలో గడ్డిగింజలు, ఉన్ని చిక్కుకుని పట్టు పోతుంది. పొలానికి అన్నిటికంటే నమ్మకమైనది పైన పెద్ద మూత, దానికి ఒకే ఒక బకిల్. గ్లౌజులు తీయకుండానే తెరవొచ్చు. వాన ఎక్కువగా ఉండే చోట మూతిని మూడు చుట్లు చుట్టి బిగించే రకం మంచిది. లోపలి గుడ్డ లేత రంగుదై ఉంటే, నల్లటి స్క్రూ అడుగున పడినా కనిపిస్తుంది. సంచి చేసేవాళ్లలో ఇది ఎందరికి తడుతుందో గానీ, నేనైతే కొనేముందు మూత ఎత్తి ముందు అదే చూస్తాను.

కత్తి, కత్తెర, అన్నీ ఒకటిలో ఉన్న పనిముట్టు

మడత కత్తి జేబులో ఇముడుతుంది, అదొక్కటే దాని గొప్ప. తెరవడానికి తరచూ రెండు చేతులు కావాలి, కీలులో మట్టి, చెట్ల జిగురు చేరతాయి, లాకు లేనిదైతే గట్టిగా ఒత్తినప్పుడు వేళ్ల మీదకే మడుచుకుంటుంది. కొయ్య పిడి ఉన్న మడత కత్తులకు మరో గుణం ఉంది. ఫ్రాన్స్‌లో తయారయ్యే ఒపినెల్ కత్తికి 1955 నుంచి తిప్పి బిగించే ఉంగరం లాకు ఉంది, చాలా తేలిక, చవక, పదును బాగా నిలుస్తుంది. కానీ వానలో పిడి ఉబ్బి అలుగు బయటికి రానని మొరాయిస్తుంది. ఒరలో పెట్టే కత్తికి ఈ గొడవేదీ లేదు. ఒక్క చేత్తో తీయొచ్చు, కడగొచ్చు, తుడవొచ్చు. ఆవు మెడకు తాడు బిగుసుకున్నప్పుడు ఒక చెయ్యి ఆవు మీదే ఉంటుంది. ఆ ఒక్క కారణానికే పశువులు పెంచేవారు ఒర కత్తిని ఎంచుకోవాలి. ఒర అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రం ఉందో లేదో చూడండి. ఊరు దాటి బస్సెక్కేవారు తమ ప్రాంతపు చట్టం కూడా తెలుసుకోవాలి. బ్రిటన్‌లో అలుగు 3 అంగుళాలకు మించని, లాకు లేని మడత కత్తి తప్ప మరే కత్తి బహిరంగంగా వెంట ఉంచుకోవాలన్నా తగిన కారణం ఉండాలి.

ఉక్కు విషయంలో అలవాటే నిర్ణయిస్తుంది. కార్బన్ ఉక్కు మామూలు సానరాయి మీద నాలుగు రుద్దులకే పదునెక్కుతుంది, కానీ చెమటకు, పండ్ల పులుపుకు పూట తిరక్కుండానే మరక పడుతుంది. కనీసం 10.5 శాతం క్రోమియం ఉన్న స్టెయిన్‌లెస్ తుప్పుకు ఆగుతుంది, పదును పెట్టడానికి కాస్త ఓపిక కావాలి. పని అయ్యాక కత్తి తుడిచే అలవాటున్నవారికి కార్బన్, లేనివారికి స్టెయిన్‌లెస్.

తోటవారికి కత్తి కంటే కొమ్మ కత్తెర ముఖ్యం. రెండు అలుగులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారే రకం పచ్చి కొమ్మను శుభ్రంగా కోస్తుంది. ఒక అలుగు చదునైన దిమ్మ మీదకు దిగే రకం ఎండుకొమ్మలకు సరిపోతుంది, పచ్చికొమ్మను నలుపుతుంది. నలిగిన చోట గాయం ఆలస్యంగా మానుతుంది. తెగులు సోకిన చెట్టు కోశాక పక్క చెట్టు ముట్టేముందు అలుగును 70 శాతం ఆల్కహాలుతో తుడవాలి, కాబట్టి చిన్న సీసా ఒకటి సంచిలో ఉండాలి.

పట్టకారు, కత్తి, స్క్రూడ్రైవరు అన్నీ ఒకటిలో మడిచే పనిముట్టును లెదర్‌మ్యాన్ సంస్థ 1983లో మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచి దాని మీద మోజు తగ్గలేదు. ఊడిన బోల్టు బిగించడానికి, ముల్లు లాగడానికి, తీగ ముక్క తెంచడానికి అది భేషుగ్గా ఉంటుంది. కంచె తీగ రోజంతా బిగించమంటే మాత్రం దానివల్ల కాదు. పిడి పొట్టి కాబట్టి బలమంతా మణికట్టు మీద పడుతుంది, సన్నని అంచులు అరచేతిని కోస్తాయి. కంచె, పంపు పనివారు 8 అంగుళాల కటింగ్ ప్లయర్, సర్దుబాటు స్పానర్, రెండు వైపులా పనిచేసే స్క్రూడ్రైవర్ విడిగా పెట్టుకోవాలి. మిగతావారికి అన్నీ ఒకటిలో ఉన్నదే చాలు, మూడింటి బరువు తప్పుతుంది.

నీళ్ల లెక్క

ఎండలో కష్టమైన పని చేసేవారు ప్రతి 15–20 నిమిషాలకు ఒక కప్పు, అంటే సుమారు 240 మిల్లీలీటర్లు తాగాలని అమెరికా వృత్తి భద్రత సంస్థ నియోష్ చెబుతుంది. గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు వరకు అవుతుంది. నాలుగు గంటలకు మూడు నాలుగు లీటర్లు, అంటే మూడు నాలుగు కిలోలు. దీన్ని సంచిలో మోయాలనుకోవడమే పొరపాటు. పెద్ద క్యాను నీడలో, ఒక లీటరు సీసా సంచిలో. నీడలోని క్యాను దగ్గరకు గంటకోసారి వెళ్లక తప్పదు కాబట్టి ఆ పూటకి కాస్త విశ్రాంతి కూడా దొరుకుతుంది.

సీసా సరిగ్గా లీటరుదే ఎందుకంటే, ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలపాలి. తక్కువ నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది. కొన్ని పొట్లాలు లీటరుకు, కొన్ని 200 మిల్లీలీటర్లకు వస్తాయి, చూసి కొనండి. సీసాలో ఎప్పుడూ మంచినీళ్లే ఉండాలి, పానీయాలు వద్దు. కంట్లో సున్నమో, సిమెంటో, పురుగుమందో పడితే కనీసం 15 నిమిషాలు కడుగుతూనే ఉండాలి. మందుల డబ్బాలో వచ్చే చిన్న సెలైన్ సీసా అందుకు ఏ మూలకూ చాలదు. ఆ క్షణాన మొదట చేతికి అందేది ఈ నీళ్ల సీసాయే. రెండు గోడల స్టీలు సీసా నీటిని చల్లగా ఉంచుతుంది గానీ బరువు. ఒంటి గోడ స్టీలు సీసాకు తడిగుడ్డ చుట్టినా మధ్యాహ్నం వరకు తాగగలిగేలా ఉంటుంది.

మందుల పొట్లం

రెడీమేడ్ డబ్బా, సొంతంగా సర్దుకున్న పొట్లం అన్న రెండింటిలో నేను రెండోదాని వైపే. రెడీమేడ్ డబ్బాలో చిన్న అతుకుడు పట్టీలు బోలెడు ఉంటాయి, కొడవలి గాటుకు ఒత్తిపెట్టే గాజుగుడ్డ ఒకటో రెండో ఉంటాయి. పొలంలో కావలసింది దీనికి తిరగబడిన లెక్క. గాజుగుడ్డ చుట్టలు, 10 సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజీ రెండు, అతుకుడు టేపు, ముళ్లు తీసే సన్నని పట్టకారు, పల్చని నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) గ్లౌజులు, ఓఆర్ఎస్, మీ సొంత మందులు. తేనెటీగ కుడితే ముల్లును ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. కాటు పడనివారు వైద్యుడు రాసిన అడ్రినలిన్ పెన్నును (ప్రాణం మీదికి వచ్చినప్పుడు తమకు తామే పొడుచుకునే ఇంజెక్షను) ఒంటి మీదే ఉంచుకోవాలి, ఎండలో నిలిపిన బండిలో వదలకూడదు.

టోర్నికె, అంటే నెత్తురు ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ, విషయంలో జాగ్రత్తగా చదవండి. చైన్ రంపం, గడ్డి కోత యంత్రం వాడేవారికి చేయో కాలో లోతుగా తెగి, గట్టిగా ఒత్తినా నెత్తురు ఆగకపోతే, గాయానికి 5–7 సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా, దాన్ని బిగించి సమయం రాసిపెట్టాలి. ప్రాణం నిలిపేది అదే. పాము కాటుకు అదే పని చేస్తే కాలు పోవచ్చు. పాము కాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. దానివల్ల ఏటా 81,000 నుంచి 1,38,000 మంది చనిపోతున్నారని ఆ సంస్థ అంచనా. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం ఏదీ చేయకూడదు. విషం లాగుతామంటూ అమ్మే పంపులు విషాన్ని లాగవు, కాటు చుట్టూ కండను దెబ్బతీస్తాయి. సంచిలో వాటికి చోటివ్వకండి. చేయాల్సింది ఉంగరాలు, కడియాలు తీసేసి, కరిచిన కాలో చేయో కదలకుండా బద్ద కట్టి ఆసుపత్రికి చేర్చడం. ఆస్ట్రేలియాలో కాలంతా సాగే బ్యాండేజీ చుట్టి కదలకుండా ఉంచడం నేర్పుతారు. కండను కుళ్లించే పింజర జాతి విషానికి ఆ పద్ధతి నప్పదు. మీ ప్రాంతపు ఆసుపత్రి ఏది చెబుతుందో ముందే అడిగి పెట్టుకోండి. విరుగుడు మందు ఎక్కడ ఉంటుందో, ఆ ఆసుపత్రి నంబరు ఏమిటో కాగితం మీద రాసి పొట్లంలో ఉంచితే ఏ కిట్టు కన్నా విలువైనది.

వెలుతురు, చార్జింగు

తలకు కట్టుకునే లైటు రెండు చేతులనూ ఖాళీగా ఉంచుతుంది, మరమ్మతుకు దానికి సాటి లేదు. నడకకు మాత్రం చేతి టార్చే మేలు. వెలుతురు కళ్ల ఎత్తునుంచే పడితే నేల మీద నీడలు కనిపించవు, గుంత, రాయి, పాము అన్నీ చదునుగా కలిసిపోతాయి. టార్చిని మోకాలి ఎత్తున పట్టుకుంటే ప్రతి గడ్డిపోచకూ నీడ పడి నేల తీరు తెలుస్తుంది. పైగా తల లైటు చుట్టూ చేరే పురుగులు నేరుగా కళ్లలోకే వస్తాయి. పట్టీ నుంచి ఊడదీసి చేత్తో పట్టుకోగలిగే తల లైటు కొంటే రెండు పనులూ తీరతాయి. వెలుతురు కొలతలో 200 ల్యూమెన్లు చాలు. నీటికి ఎంత ఆగుతుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్: ఐపీఎక్స్ 4 అంటే చిలకరింపుకు ఆగుతుంది, ఐపీఎక్స్ 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా చెడదు. కాలవ దగ్గర పనిచేసేవారు రెండోది చూడాలి. ఆల్కలైన్ సెల్స్ నెలల తరబడి లోపలే ఉంటే కారి లైటునే పాడుచేస్తాయి.

పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో పట్టే చార్జి కొలత) అని ఉన్నా అది లోపలి సెల్లు 3.7 వోల్టుల లెక్క. 5 వోల్టులకు మారేసరికి, నష్టాలు పోను, ఆరు వేల చిల్లర చేతికి వస్తుంది. ఫోనుకు ఒకటిన్నర చార్జికి లోపే. రోజూ ఇంటికి చేరేవారికి 5,000 చాలు. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం బ్యాటరీకి చార్జింగు పెట్టకూడదు, ఎండలో పెట్టిన సంచి లోపల ఆ వేడి తేలిగ్గా వస్తుంది.

తాడు, తొడుగులు, వాన

చెట్టును ఊతకర్రకు కట్టడానికి జనపనార తాడు వాడండి. అది కాలక్రమంలో కుళ్లి తెగిపోవడమే మంచిది, నైలాన్ అయితే లావవుతున్న కాండాన్ని కోసేస్తుంది. బరువు లాగడానికి నైలాన్. చవక పాలీప్రొపిలీన్ తాడు ఎండకు పొడిపొడి అవుతుంది. గ్లౌజులు రెండు జతలు: ముళ్లకు తోలువి, తడికి రబ్బరు పూతవి. పురుగుమందు కలిపేందుకు మందపాటి నైట్రైల్ తొడుగులు కావాలి, తోలు, గుడ్డ మందును పీల్చుకుంటాయి. ఆ తొడుగులు, ఆ సామాను నీళ్ల సీసా ఉన్న సంచిలోకి ఎప్పుడూ రాకూడదు, వాటికి వేరే డబ్బా. వానకు పోంచో సంచిని కూడా కప్పుతుంది, గాలి వాన అయితే కోటు మేలు. పైన చెప్పినట్టు యంత్రాల దగ్గర పోంచో వద్దు.

చివరగా రంగు. మట్టి రంగు, ఆకుపచ్చ సంచులు చూడటానికి పనిమంతుల సంచుల్లా ఉంటాయి గానీ మోకాలెత్తు గడ్డిలో పెట్టి పది అడుగులు నడిస్తే కనిపించవు. కత్తెర పిడి, టార్చి కూడా అంతే. నారింజ రంగు దొరికితే తీసుకోండి, దొరకకపోతే పట్టీకి ఎర్రగుడ్డ పీలిక కట్టండి.